‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ కథలో గులాబీ రిబ్బన్లు: ఎలెగరీని ఎలా చదవాలి?

తెనాలి బండి (ప్రశ్న):

నమస్కారమండీ. నేను గుంటూరులో ఎంఏ ఇంగ్లిష్ మొదటి సంవత్సరం చదువుతున్నాను, రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చి వెళ్తాను. సోమవారం నా సెమినార్. నా వంతుకి వచ్చిన కథ నథానియల్ హాథార్న్ రాసిన ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’, 1835లో అచ్చయింది. మేడమ్ ఇచ్చిన ప్రశ్న ఒక్క లైను: ఈ కథలో ఎలెగరీ (మనుషులు, వస్తువులు ఒక్కో భావానికి గుర్తుగా నిలిచే పద్ధతి) ఎలా పనిచేస్తుంది? పదిహేను నిమిషాలు మాట్లాడాలి, తర్వాత క్లాసులో వాళ్ళు ప్రశ్నలు వేస్తారు. మాట్లాడటం కంటే ఆ ప్రశ్నల సంగతే నాకు టెన్షన్.

చదవనివాళ్ళకి కథ రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో సేలం అనే పల్లె, ప్యూరిటన్లు అనే కఠిన నిష్ఠ గల ప్రొటెస్టెంట్ క్రైస్తవుల కాలం. బ్రౌన్‌కి పెళ్ళై మూడు నెలలు. భార్య పేరు ఫెయిత్ (ఆ మాటకి అర్థం విశ్వాసం), టోపీకి గులాబీ రంగు రిబ్బన్లు కట్టుకుంటుంది. ఒక సాయంత్రం ఆవిడ వద్దంటున్నా వినకుండా అడవిలోకి బయల్దేరతాడు. అక్కడ ఒక పెద్దమనిషి కలుస్తాడు, చేతిలో నల్లపాములా మెలికలు తిరిగిన కర్ర. అతనే సైతాను. ఊళ్ళో భక్తురాలని పేరున్న గుడీ క్లోయిస్ అనే ముసలామె, చర్చి పెద్ద డీకన్ గూకిన్, పాస్టరుగారు అందరూ ఆ రాత్రి సైతాను సభకే పోతూ కనిపిస్తారు. పైనుంచి ఒక గులాబీ రిబ్బన్ రాలి పడుతుంది. ‘నా ఫెయిత్ పోయింది’ అని అరిచి, పిచ్చెక్కినట్టు పరుగెత్తి బ్రౌన్ కూడా సభకి చేరతాడు. అక్కడ ఫెయిత్ ఉంటుంది. ‘పరలోకం వైపు చూడు, వాడికి లొంగకు’ అని కేకేస్తాడు. అంతే, అంతా మాయం, అడవిలో తనొక్కడే. తెల్లారి ఊళ్ళోకి వస్తాడు. ఇక బతికినన్నాళ్ళూ ఎవర్నీ నమ్మడు.

అరండల్‌పేటలో జిరాక్స్ షాపులో దొరికిన నోట్స్‌లో ఒక పట్టిక ఉంది. ఫెయిత్ అంటే దైవ విశ్వాసం, రిబ్బన్ అంటే అమాయకత్వం, అడవి అంటే పాపం, కర్ర అంటే ఏదెను తోటలో సర్పం, బ్రౌన్ అంటే సగటు మనిషి. పట్టిక బట్టీ పట్టేశాను. కానీ మళ్ళీ కథ చదివితే ఒక చోట ఆగిపోయాను. తెల్లారి బ్రౌన్ వచ్చేసరికి ఫెయిత్ అవే గులాబీ రిబ్బన్లతో ఎదురొస్తుంది, సంతోషంతో వీధిలో గెంతుతూ, అందరి ముందూ ముద్దు పెట్టబోతుంది. రాత్రి రాలిపోయిన రిబ్బన్ పొద్దున తల మీదకి ఎలా వచ్చింది? పట్టిక ప్రకారం రిబ్బన్ పోవడం అంటే అమాయకత్వం పోవడం. మరి అమాయకత్వం తిరిగొచ్చిందా? అసలు పోలేదా? అదంతా కల అంటే ఇంక ఎలెగరీకి పనేముంది? నాకు డిగ్రీ దాకా తెలుగు మీడియం. వాక్యాలు అర్థమవుతున్నాయి, ఈ ముడి మాత్రం విడటం లేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

బెజవాడ కోచింగ్:

తమ్ముడూ, నేను విజయవాడలో నెట్, సెట్ (లెక్చరర్ అర్హత పరీక్షలు) రాసేవాళ్ళకి క్లాసులు చెప్తాను. ఆ పట్టిక తప్పేం కాదు, పరీక్షల్లో అడిగేవి అవే. కర్ర గురించి, పేర్ల గురించి రెండు నిమిషాలు చెప్పు, కథ మొదట 1835 ఏప్రిల్ ‘న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్’లో వచ్చిందనీ, 1846లో ‘మాసెస్ ఫ్రమ్ యాన్ ఓల్డ్ మ్యాన్స్’ సంపుటిలో చేరిందనీ చెప్పు. కలా నిజమా అన్నది రచయిత తేల్చలేదు, నువ్వూ తేల్చకు. రిబ్బన్ గురించి పెద్దవాళ్ళెవరైనా చెప్తారు, నాకు కూడా వినాలనుంది.

బ్రాడీపేట టీచర్:

బాబూ, నీ ముడి దగ్గరే కథ అంతా ఉంది. దాన్ని దాటేసి పోకు. నేను డిగ్రీ పిల్లలకి ఈ కథ చాలా ఏళ్ళు చెప్పాను. పట్టిక రాసుకొచ్చినవాళ్ళలో చాలామంది ఆ రిబ్బన్ తిరిగి రావడాన్ని చూడనే చూడరు. నువ్వు చూశావు.

ముందు పేరు సంగతి. ప్యూరిటన్ ఇళ్ళల్లో ఆడపిల్లలకి ఫెయిత్, పేషన్స్, ప్రూడెన్స్ లాంటి పేర్లు మామూలే. మన గుంటూరు జిల్లాలో కృప, సువార్త, కరుణ అని పెట్టుకోవడం లేదూ? ‘సువార్తా, అన్నానికి రా’ అంటే వచ్చేది ఒక అమ్మాయి. ఆ పేరులో ఉన్న భావం వేరే చోట ఉంటుంది, అమ్మాయికి ఆకలి వేస్తూ ఉంటుంది. ఫెయిత్ కూడా ముందు ఒక అమ్మాయి. భర్త చెవి దగ్గర పెదవులు పెట్టి, ఈ రాత్రికి వెళ్ళొద్దు, ఒంటరిగా ఉంటే నాకు పాడు కలలొస్తాయి, నా మీద నాకే భయమేస్తుంది అని బతిమాలిన అమ్మాయి. పట్టికలో ఆ అమ్మాయికి చోటు లేదు.

ఇప్పుడు రిబ్బన్ పడే చోటు మళ్ళీ తీసి, ఒక్కో వాక్యం నెమ్మదిగా చదువు. నల్లటి మబ్బు ఒకటి పైనుంచి పోతుంది. అందులోంచి ఊరివాళ్ళ గొంతుల్లాంటివి వినిపిస్తాయి. ఒక ఆడగొంతు ఏడుస్తున్నట్టుంటుంది. బ్రౌన్ ‘ఫెయిత్’ అని కేకేస్తాడు. ఒక అరుపు, వెంటనే నవ్వులు. ‘ఏదో’ గాల్లో తేలుతూ దిగి కొమ్మకి చిక్కుకుంటుంది. హాథార్న్ అక్కడ ‘ఏదో’ అనే అంటాడు. బ్రౌన్ దాన్ని లాక్కుని చూస్తే గులాబీ రిబ్బన్. అది ఆవిడ తలలోదే అని ఎవరూ చెప్పలేదు. ఆవిడ లొంగిపోయిందనీ ఎవరూ చెప్పలేదు. చేతిలో రిబ్బన్ ముక్క చూసి ‘నా ఫెయిత్ పోయింది, లోకంలో మంచి అన్నదే లేదు’ అని తీర్పు చెప్పింది బ్రౌన్. రిబ్బన్ అంటే అమాయకత్వం, రిబ్బన్ పోయింది కాబట్టి అమాయకత్వం పోయింది, భార్య పోయింది, లోకం పోయింది. నీ జిరాక్స్ నోట్స్ లెక్క, బ్రౌన్ లెక్క ఒకటే.

ఈ కథలో ఎలెగరీ రెండు చోట్ల ఉంది. ఒకటి హాథార్న్ కట్టింది: పేర్లు, కర్ర, అడవి. రెండోది బ్రౌన్ కట్టుకున్నది: కనిపించిన ప్రతి మనిషినీ ఒక గుర్తుగా మార్చుకుని, ఆ గుర్తుని బట్టి మనిషికి శిక్ష వెయ్యడం. మొదటిదాని గురించే చాలామంది రాస్తారు. కథ బలమంతా రెండోదాంట్లో ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

సాక్ష్యం కావాలంటావు కదా, క్లాసులో అడుగుతారు కాబట్టి. పాస్టరు, డీకన్ గూకిన్ ‘కనిపించారు’ అని రాశావు. మళ్ళీ చూడు. బ్రౌన్ చెట్టు చాటున దాక్కుని, మునివేళ్ళ మీద లేచి, కొమ్మలు పక్కకి తప్పించి చూస్తాడు. నీడ కూడా కనపడదు. వినిపించింది గుర్రపు డెక్కల చప్పుడు, రెండు గొంతులు, అంతే. కర్ర పాములా కదిలినట్టు అనిపించిందనీ, అది మసక వెలుతురులో కళ్ళు చేసిన మోసమే అయ్యుంటుందనీ కథకుడే అంటాడు. ఇంకా ముఖ్యమైనది గుడీ క్లోయిస్ నోట వస్తుంది. సైతాన్ని చూసి ఆవిడ ఏమంటుంది? ‘మీరు నా పాత నేస్తం, ఇప్పుడున్న ఆ వెర్రికుర్రాడి తాత గుడ్‌మన్ బ్రౌన్ రూపంలోనే ఉన్నారే’ అంటుంది. అంటే సైతానుకి ఊళ్ళోవాళ్ళ రూపం ఎత్తడం చేతనవును. చెట్టు వెనక నుంచి బ్రౌన్ ఈ మాట వింటాడు. విని కూడా, నేను చూస్తున్న ఈ ముసలామె ఒట్టి రూపమేమో అని ఒక్కసారి కూడా అనుమానించడు. అనుమానమంతా మనుషుల మీదే, తన కళ్ళ మీద లేదు.

ఇక్కడే చరిత్ర చెప్పాలి, రెండు నిమిషాలు దీనికి ఉంచుకో. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న నేరం మోపి 19 మందిని ఉరి తీశారు, జైల్స్ కోరీ అనే ముసలాయన్ని రాళ్ళ బరువు కింద నొక్కి చంపారు. ఆ విచారణల్లో ‘ఫలానా ఆవిడ రూపం రాత్రి వచ్చి నన్ను పీడించింది’ అంటే అది సాక్ష్యం. ఆ టైముకి ఆ మనిషి ఇంట్లో మంచం మీద ఉన్నా సరే. అప్పటి న్యాయాధికారుల్లో జాన్ హాథోర్న్ ఒకడు. మన రచయితకి ముత్తాత తండ్రి. కథలో వచ్చే క్లోయిస్, కోరీ, మార్తా క్యారియర్ పేర్లు ఆ విచారణల్లోవే. మార్తా కోరీని, మార్తా క్యారియర్‌ని 1692లో ఉరి తీశారు. సారా క్లోయిస్ బతికి బయటపడింది కానీ ఆవిడ అక్కలు రెబెకా నర్స్, మేరీ ఈస్టీ ఇద్దరికీ ఉరి పడింది. నేరం చెయ్యని ఈ ఆడవాళ్ళని హాథార్న్ సైతాను మనుషులుగా ఎందుకు చూపించాడు? బ్రౌన్ చూస్తున్నది ఆనాటి న్యాయాధికారులు చూసిన దృశ్యమే కాబట్టి. బ్రౌన్ బుర్రలో కోర్టు నడుస్తోంది, ఊరంతా ముద్దాయిలు. తాతల పాపం ఎలా పనిచేసిందో మనవడు కథలో పెట్టి చూపించాడు.

కాబట్టి రిబ్బన్ ఎలా తిరిగొచ్చింది అన్న నీ ప్రశ్నకి నా జవాబు: ఫెయిత్ తల మీద నుంచి అది ఎప్పుడైనా పోయిందని కథ ఎక్కడా చెప్పలేదు. తెల్లారి రిబ్బన్లు ఎదురుగా ఉన్నా బ్రౌన్ వాటిని లెక్కలోకి తీసుకోడు. చీకట్లో దొరికిన రిబ్బన్ సాక్ష్యమైంది, వెలుతురులో కళ్ళ ముందు ఉన్నది కాలేదు.

డేవిడ్ మాస్టారి శిష్యుడు:

టీచరుగారికి నమస్కారం. నేను గుంటూరులో లూథరన్ సంఘం వాడిని, బైబిలు క్లాసులు చెప్తుంటాను. మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను కానీ బ్రౌన్‌ని మరీ కళ్ళు మోసపోయిన అమాయకుడిగా చూడకూడదని మనవి. అతను దారి తప్పి అడవిలోకి పోలేదు, అక్కడ ముందే మాట ఇచ్చి ఉన్నాడు. ‘ఆలస్యం చేశావు’ అంటాడు సైతాను, ‘ఫెయిత్ కాసేపు ఆపింది’ అంటాడు ఇతను. ఈ ఒక్క రాత్రి తర్వాత ఆవిడ కొంగు పట్టుకుని పరలోకానికి పోతాను అని దారిలో అనుకుంటాడు. పాపం ఒక రాత్రికి, పరిశుద్ధత రేపటికి. భార్య భక్తి తనకి సరిపోతుందని లెక్క వేసుకున్నవాడి విశ్వాసం అడవి చేరకముందే పలచబడింది.

ఇంకోటి. ఆ సభని చర్చికి వెళ్ళేవాళ్ళు చూస్తే వెంటనే తెలిసిపోతుంది. బలిపీఠంలాంటి బండ, పాడేది ఎరిగిన కీర్తన రాగమే కానీ మాటలు పాపపు మాటలు, కొత్తగా చేరేవాళ్ళని పిలవడం, బండ గుంటలో ఎర్రటి నీళ్ళతో బాప్తిస్మం. ఆరాధన క్రమం మొత్తం తిరగేసి పెట్టాడు. అక్కడ సైతాను చేసే ప్రసంగంలో సగం ప్యూరిటన్ పాస్టరు ప్రతి ఆదివారం చెప్పేదే: మనుషులందరూ పాపులు. తేడా ఎక్కడంటే పాస్టరు దాని తర్వాత కృప గురించి చెప్తాడు. సైతాను ‘కీడే మానవ స్వభావం’ అని అక్కడే ఆపేస్తాడు. బ్రౌన్ ఆ సగం ప్రసంగం విని వచ్చేశాడు, మిగతా సగం జీవితాంతం వినలేదు. తర్వాత చర్చిలో పాస్టరు బైబిలు మీద చెయ్యి పెట్టి మాట్లాడుతుంటే కప్పు కూలి అందరి మీదా పడుతుందేమో అని భయపడతాడు. తెనాలి బాబూ, ఎలెగరీ గురించి చెప్పేటప్పుడు ఈ తిరగేసిన ఆరాధన సంగతి వదిలెయ్యకు. మీ క్లాసులో సగం మందికి అది చెప్పకుండానే అర్థమవుతుంది.

తెనాలి బండి:

టీచర్ గారూ, సర్ గారూ, చాలా థ్యాంక్సండీ. గొంతుల సంగతి మళ్ళీ తీసి చూశాను, నిజంగానే నీడ కూడా కనపడలేదని ఉంది. ఒక్క సందేహం. హాథార్న్ ఎలెగరీని నమ్మాడా, తప్పని చెప్పడానికి ఈ కథ రాశాడా? అలా చెప్తే ‘మరి ఆయనే భార్యకి ఫెయిత్ అని పేరు పెట్టాడు కదా’ అని మా క్లాసులో ఒకబ్బాయి కచ్చితంగా అడుగుతాడు.

పద్యం ఇష్టం:

టీచరుగారు చెప్పేలోపు నేనొక మాట. నాది ఎంఏ తెలుగు, విజయవాడ. సంస్కృతంలో కృష్ణమిశ్రుడి ‘ప్రబోధచంద్రోదయం’ నాటకం ఉంది, దాన్ని నంది మల్లయ, ఘంట సింగన అనే జంటకవులు తెలుగులో ప్రబంధంగా రాశారు. అందులో పాత్రలు వివేకుడు, మహామోహుడు, శాంతి, శ్రద్ధ. నీ కథతో కలిసే చోటు చూడు: అక్కడా శ్రద్ధ కనపడకుండా పోతుంది! కూతురు శాంతి తల్లిని వెతుక్కుంటూ ఒక్కో మతంవాళ్ళ దగ్గరికీ వెళ్తుంది. ఒక్కోచోట శ్రద్ధ పేరుతో ఎవరో ఒకరు ఎదురవుతారు, చూస్తే ఆవిడ తన తల్లి కాదు. అది నిఖార్సైన అన్యాపదేశం, అంటే మీరు ఎలెగరీ అనేదే. శ్రద్ధ అంటే శ్రద్ధే, ఆవిడకి వేరే ఇల్లూ వాకిలీ లేవు. చివరికి దొరుకుతుంది, వివేకుడు గెలుస్తాడు. ఫెయిత్ అలా కాదు. ఆవిడకి ఇల్లుంది, కలలున్నాయి, మొగుడి మీద బెంగ ఉంది. పైగా ఆవిడ ఇంట్లోనే ఉంది, బ్రౌనే వెతకలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే హాథార్న్ పాత పద్ధతిని ఎక్కడ వంచాడో మీ క్లాసులో ఆ అబ్బాయికి చూపించొచ్చు.

బ్రాడీపేట టీచర్:

పద్యంగారూ, శ్రద్ధని గుర్తుచేసినందుకు సంతోషం. నాకు తట్టలేదు, ఇంత దగ్గరి పోలిక మన భాషలోనే ఉండగా.

బాబూ, హాథార్న్‌కి ఎలెగరీ అంటే ఇష్టమే. 1844లో వచ్చిన ‘రప్పచ్చినీస్ డాటర్’ కథ ముందుమాటలో తనకి అది వదలని మోజు అన్నట్టు తానే రాసుకున్నాడు. అదే కాలపు అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పోకి ఆ మోజు అస్సలు నచ్చలేదు. 1847లో హాథార్న్ మీద రాసిన వ్యాసంలో ఎలెగరీని సమర్థించడానికి చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ లేదన్నంత పని చేశాడు. నవలాకారుడు హెర్మన్ మెల్విల్ 1850లో ఇదే కథని ఇటలీ మహాకవి డాంటే అంత లోతైనదని మెచ్చుకున్నాడు. నా అభిప్రాయం అడిగితే, తనకి బాగా చేతనైన పద్ధతి మనుషుల మీద ప్రయోగిస్తే ఏమవుతుందో హాథార్న్‌కి తెలుసు, ఇంటి చరిత్ర వల్ల ఇంకా బాగా తెలుసు. మీ క్లాసులో అబ్బాయి అడిగితే ఈ మాటే చెప్పు: పేరు పెట్టింది రచయిత, ఆ పేరుని భార్య మీద నేరంగా మోపింది బ్రౌన్.

లూథరన్ సంఘం వారు చెప్పిన సగం ప్రసంగం మాట చాలా బాగుంది. నేను క్లాసుల్లో ఎప్పుడూ ఇంత సూటిగా చెప్పలేదు.

మంగళగిరి మగ్గం:

నేను లెక్చరర్ని కాదు, ఇంటర్‌లో ఇంగ్లిష్ కథల మీద ఇష్టం పట్టుకుంది, ఇప్పటికీ చదువుతాను. మీ చర్చ చూసి రాత్రి ఈ కథ చదివాను. అందరూ బ్రౌన్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఫెయిత్ గురించి రాయాలనిపించింది.

చివరి పేరా చూడండి. ఆ తర్వాత ఆయన ఎన్నో ఏళ్ళు బతికాడు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి భార్య గుండెల మీద నుంచి వెనక్కి జరిగేవాడు. ఇంట్లో అందరూ మోకరించి ప్రార్థన చేస్తుంటే ముఖం చిట్లించి, ఏదో గొణుక్కుని, ఆవిడ వైపు కఠినంగా చూసి తల తిప్పుకునేవాడు. ఆవిడకి పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. అతను చనిపోతే ముసలి ఫెయిత్ శవం వెంట నడిచి వెళ్ళింది. ఇన్నేళ్ళలో తను ఏం చేసిందని అతను అలా చూస్తున్నాడో ఆవిడకి ఎవరైనా చెప్పారా? కథలో లేదు. అడవిలో అతను ‘లొంగకు’ అని కేకేసిన తర్వాత ఆవిడ ఆ మాట విందో లేదో అతనికి తెలియదు అని రచయిత స్పష్టంగా రాశాడు. తెలియనిదానికి ఒక ఆడమనిషి జీవితాంతం శిక్ష అనుభవించింది. నాకైతే అన్నిటికంటే ఘోరం ఇదే. ఆవిడని విశ్వాసానికి గుర్తు అని రాసి వదిలేస్తే, ఆవిడ పడ్డ బాధ లెక్కలోకి రాకుండా పోతుంది. మీ సెమినార్‌లో ఆవిడ గురించి ఒక్క నిమిషమైనా చెప్పు తమ్ముడూ.

తెనాలి బండి:

అక్కా, తప్పకుండా చెప్తాను. చివరి పేరాతోనే మొదలుపెడదామనుకుంటున్నాను. ముందు ఫెయిత్, తర్వాత రిబ్బన్ పడే చోటు, తర్వాత 1692, ఆఖర్న తిరగేసిన ఆరాధన, శ్రద్ధ పోలిక. టీచర్ గారూ, పదిహేను నిమిషాలకి ఇది ఎక్కువవుతుందా?

బ్రాడీపేట టీచర్:

ఎక్కువే. శ్రద్ధ పోలికని ప్రశ్నల కోసం దాచుకో, ఆ అబ్బాయి ఎలాగూ అడుగుతాడు. కర్ర గురించి ఒక వాక్యం చాలు. రిబ్బన్ పడే పేరా, గుడీ క్లోయిస్ తాత రూపం గురించి అన్న మాట, ఈ రెండూ ఇంగ్లిష్‌లో పైకి చదువు, తొందరపడకుండా. పేజీల్లో కాగితం ముక్కలు పెట్టుకుని వెళ్ళు. తెలుగు మీడియం అని భయపడకు, ‘ఏదో’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగితే క్లాసంతా నీ వైపే చూస్తుంది. అయ్యాక ఎలా జరిగిందో, ఏం ప్రశ్నలు వచ్చాయో ఇక్కడ రాయి.